మొదటి కాపీ మోసుకెళ్ళండి, రోజువారీది వైఫైకి వదలండి

ప్రశ్న: మాది తెనాలిలో మూడంతస్తుల ఇల్లు. కింద మావారి డీటీపీ, ఫొటో పని. మధ్య అంతస్తులో మేము, పైన అబ్బాయీ కోడలూ. వాళ్ళిద్దరూ హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచే పనిచేస్తారు. ఇల్లంతా సిగ్నల్ రావాలని మూడు యూనిట్ల మెష్ వైఫై (ఒక యూనిట్ సిగ్నల్‌ని ఇంకోటి అందుకుని ముందుకు పంపేది) పెట్టించాం. నెట్ పెట్టె, దాని పక్కన మెష్ మెయిన్ యూనిట్ మధ్య అంతస్తు హాల్లో ఉన్నాయి. పోయిన నెల రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి అందరి ఫైళ్ళూ దాచుకునే పెట్టె) కొని అబ్బాయి గదిలో పెట్టాం. కింద కంప్యూటర్లో 1400 జీబీ దాకా ఉంది. బ్యాకప్ మొదలుపెడితే సెకనుకు ఐదారు ఎంబీలకు మించి వెళ్ళదు. రెండు మూడు రోజులు నడిచి మధ్యలో ఆగిపోతుంది. అది నడుస్తున్నంతసేపూ అబ్బాయి మీటింగుల్లో మాట తెగిపోతోంది. కోడలి ల్యాప్‌టాప్‌లో అయితే అసలు నాసే కనబడదు. మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఇంకా పెద్దది తీసుకోవాలా? ఇంత కాపీ చేస్తే నెల డేటా అయిపోతుందా? మావారు విసిగిపోయి పెన్‌డ్రైవే నయం అంటున్నారు. మా మామగారి షష్టిపూర్తి సీడీలు కూడా బీరువాలో ఉన్నాయి. వాటినీ ఇందులో పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ప్లాన్ మార్చకండి. డేటా అయిపోతుందన్న టెన్షన్ కూడా వదిలేయండి. కింది కంప్యూటర్ నుంచి పైన ఉన్న నాస్‌కి వెళ్ళే ఫైలు మీ గుమ్మం దాటి బయటికి పోదు. ఇంట్లో బయలుదేరి ఇంట్లోనే ఆగుతుంది. అది నెట్ కంపెనీ లెక్కలోకి రాదు. ఈసారి మీ వీధిలో ఎక్కడో ఫైబర్ తెగి నెట్ పోయినప్పుడు గమనించండి, యూట్యూబ్ ఆగిపోతుంది గానీ ఈ కాపీ నడుస్తూనే ఉంటుంది. 200 ఎంబీపీఎస్ అనేది మీ ఇంటి ముందు రోడ్డు వెడల్పు. మీకు ఇబ్బంది వచ్చింది ఇంటి లోపలి మెట్ల దగ్గర. రోడ్డు వెడల్పు చేస్తే మెట్లు వెడల్పు కావు కదా.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ బిట్ల లెక్క, కాపీ అవుతున్నప్పుడు కంప్యూటర్ చూపించే ఎంబీ బైట్ల లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. మీకు కనబడుతున్న ఆరు ఎంబీని ఎనిమిదితో హెచ్చవేస్తే 48 ఎంబీపీఎస్. అంటే మీరు డబ్బు కట్టే నెట్ వేగంలో పావు వంతు కూడా మీ ఇంటి అంతస్తుల మధ్య నడవడం లేదు. 1400 జీబీని సెకనుకు ఆరు ఎంబీ చొప్పున పంపితే ఎక్కడా ఆగకుండా 65 గంటలు పడుతుంది. దాదాపు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. మూడు రోజులు ఒక్కసారి కూడా కరెంటు పోకుండా, కంప్యూటర్ నిద్రలోకి జారకుండా, వైఫై ఒక్క క్షణం తెగకుండా ఉండే ఇల్లు మన ఊళ్ళలో ఎక్కడుంది? కాబట్టి మీ బ్యాకప్ ఆగిపోవడం వింతేమీ కాదు. నాస్‌లో లోపం ఉందనీ అనుకోకండి.

మెష్‌లో వేగం ఎందుకు పడిపోతుందో మీకు స్లాబు వేసిన రోజు గుర్తు తెచ్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కింద నుంచి పై దాకా కూలీలు వరుసగా నిలబడి తట్టలు అందిస్తారు. మధ్యలో ఉన్న మనిషి కింది నుంచి తట్ట అందుకుంటున్నప్పుడు పైకి ఇవ్వలేడు, పైకి ఇస్తున్నప్పుడు కింద నుంచి అందుకోలేడు. ఉన్నవి రెండే చేతులు. మామూలు రెండు బ్యాండ్ల (సిగ్నల్ వెళ్ళే రేడియో దారులు రెండే ఉన్న) మెష్ యూనిట్ కూడా అంతే. కంప్యూటర్ నుంచి అందుకోవడానికీ పక్క యూనిట్‌కి పంపడానికీ అదే రేడియో, అదే ఛానల్. ఒక్కో అంగకి వేగం సుమారుగా సగానికి పడుతుంది. మీ ఫైలు ప్రయాణం చూడండి. కంప్యూటర్ నుంచి కింది యూనిట్‌కి గాలిలో ఒక అంగ, అక్కడి నుంచి హాల్లో మెయిన్ యూనిట్‌కి రెండో అంగ, అక్కడి నుంచి అబ్బాయి గదిలోని యూనిట్‌కి మూడోది. నాస్‌ని లాన్ కేబుల్‌తో ఆ యూనిట్‌కి తగిలించారనే అనుకుంటున్నాను. ఈ మూడు అంగలకీ మధ్య ఇనప చువ్వలు నిండిన స్లాబులు రెండు. అబ్బాయి మీటింగ్ మాటలు కూడా ఇదే వరుసలోంచి వెళ్ళాలి. బ్యాకప్ వరుసంతా ఆక్రమించుకుని కూర్చుంటే అతని మాట తెగదా మరి!

మూడు బ్యాండ్ల యూనిట్లయితే, యూనిట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక బ్యాండు వేరుగా పెట్టుకుంటాయి కాబట్టి కొంత నయం. మీవి ఏవో మీరు రాయలేదు. ఏవైనా సరే, కొత్తవి కొనమని నేను చెప్పను. ఉన్నవాటిని జరపడంతోనే చాలా మారుతుంది.

ఎందుకంటున్నానంటే, రెండేళ్ళ క్రితం మా పెద్దమ్మగారింట్లో ఇలాంటి పనిమీదే ఒక ఆదివారమంతా కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, కాపీ మాత్రం సెకనుకు నాలుగు ఎంబీ. యూనిట్లు అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. సాయంత్రానికి గానీ తట్టలేదు, లోపలి గది యూనిట్ ఇనప బీరువా వెనక ఉన్న స్టూలు మీద ఉందని. కనబడితే బాగుండదని పెద్దమ్మ అక్కడ పెట్టించారు. బీరువా తలుపుకి నిలువెత్తు అద్దం కూడా ఉంది. ఇనుము వైఫైని అడ్డుకుంటుంది, అద్దం వెనక పూత కూడా లోహమే. యూనిట్‌ని నాలుగడుగులు జరిపి, గుమ్మానికి ఎదురుగా అటక అంచు మీద పెట్టాం. అదే ఫైలు, అదే ల్యాప్‌టాప్, ఈసారి సెకనుకు పదిహేను ఎంబీ. ఆ ఇంట్లో చేసిన మార్పు అదొక్కటే.

అందుకే గీతల్ని నమ్మకండి. ల్యాప్‌టాప్‌లో కనబడే గీతలు దానికీ దగ్గర్లోని యూనిట్‌కీ మధ్య సిగ్నల్‌ని చెబుతాయి. ఆ యూనిట్‌కీ మెయిన్ యూనిట్‌కీ మధ్య ఎలా ఉందో అవి చెప్పవు. దాన్ని మెష్ యాప్‌లో చూడాలి, ఒక్కో యూనిట్‌కి వెనక సిగ్నల్ ఎలా ఉందో అందులో ఉంటుంది. యాప్ అర్థం కాకపోతే ఇంకో తేలిక పద్ధతి: రెండు జీబీల సినిమా ఫైలు ఒకటి తీసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నాస్‌కి కాపీ చేయండి. కింది యూనిట్‌ని మెట్ల దగ్గరికి జరిపి మళ్ళీ కాపీ చేయండి. మెట్ల దగ్గర స్లాబు ఉండదు కాబట్టి సిగ్నల్‌కి అది మంచి దారి. ఏ చోట పెడితే తక్కువ సమయం పట్టిందో అదే దాని చోటు.

ఇక అసలు పని. నాస్‌ని అబ్బాయి గదిలోంచి తీసేయండి. అది ఉండాల్సింది మధ్య అంతస్తు హాల్లో, మెయిన్ యూనిట్ పక్కన, దానికి లాన్ కేబుల్‌తో తగిలించి. అలా పెడితే కింది నుంచి వచ్చేదానికి ఒక అంగ తగ్గుతుంది, పైనుంచి వచ్చేదానికీ ఒక అంగ తగ్గుతుంది. కింది కంప్యూటర్‌ని కూడా వైఫైతో కాకుండా చిన్న లాన్ కేబుల్‌తో కింది యూనిట్‌కి తగిలించండి. చాలా మెష్ యూనిట్లకి వెనకాల ఒకటో రెండో లాన్ పోర్టులుంటాయి. కంప్యూటర్‌కీ యూనిట్‌కీ మధ్య అంగ కూడా పోయింది. మూడు అంగల్లో మిగిలింది ఒక్కటే. పై అంతస్తు ఎలాగూ ఎండాకాలంలో పొయ్యి మీద పెనంలా ఉంటుంది, డిస్కులకి ఆ వేడి మంచిది కాదు.

అయితే ఇంత చేసినా మొదటి 1400 జీబీని వైఫై మీద పంపకండి. ఈ ఒక్క మాటలో మీవారు చెప్పిందే రైటు: మోసుకెళ్ళాలి. కాకపోతే పెన్‌డ్రైవ్‌తో కాదు, నాస్‌నే మోసుకెళ్ళండి. దాని బటన్ నొక్కి సరిగ్గా షట్‌డౌన్ చేసి, దీపాలన్నీ ఆరిపోయాక, కిందికి తీసుకెళ్ళండి. తిరుగుతున్న డిస్కుని కదిలించకూడదు. కింది యూనిట్‌కి ఉన్న రెండు లాన్ పోర్టుల్లో ఒకదానికి కంప్యూటర్, ఇంకోదానికి నాస్ తగిలించండి. పోర్టు ఒక్కటే ఉంటే చిన్న గిగాబిట్ స్విచ్ (ఒక లాన్ పోర్టుని కొన్ని పోర్టులుగా చేసే పెట్టె) ఒకటి పెట్టుకోండి. ఇప్పుడు ఫైలు గాలిలోకి ఎక్కదు, తీగలోనే వెళుతుంది. గిగాబిట్ పోర్టులయితే సెకనుకు వంద ఎంబీ దాకా వెళుతుంది. 1400 జీబీకి కాగితం మీద నాలుగు గంటలు. వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళుంటే ఒక్కోదాన్ని తెరిచి మూయడానికే సమయం పోతుంది కాబట్టి ఒక రాత్రి అనుకోండి. చవకరకం యూనిట్లలో పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. అప్పుడు సెకనుకు 11 ఎంబీ మించదు, ఒకటిన్నర రోజు పడుతుంది. అట్టపెట్టె మీద గిగాబిట్ అని ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే కంప్యూటర్‌నీ నాస్‌నీ రెండిటినీ ఆ గిగాబిట్ స్విచ్‌కే తగిలించి, స్విచ్ నుంచి ఒక తీగ యూనిట్‌కి ఇవ్వండి.

పూర్తయ్యాక మళ్ళీ షట్‌డౌన్ చేసి హాల్లోకి తెచ్చుకోండి. మెష్ అంతా ఒకే నెట్‌వర్క్ కాబట్టి నాస్ ఏ అంతస్తులో ఉన్నా బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి అదే నాస్, అదే ఫోల్డరు. మొదటి నుంచి మొదలుపెట్టదు. అబ్బాయితో చెప్పి మెష్ యాప్‌లో నాస్‌కి ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయించండి, ఎప్పటికీ అదే అడ్రస్ ఉంటుంది. ఆ రోజు నుంచి వైఫై మోయాల్సింది కొత్తగా చేరినవీ మారినవీ మాత్రమే. మీవారు మామూలు రోజున ఆరు జీబీల పని చేశారనుకుందాం, ఇప్పుడున్న నత్తనడక వేగంలోనే అది 17 నిమిషాల పని. ఆయన షాపు కట్టే వేళకి, తొమ్మిదింటికో పదింటికో మొదలయ్యేలా టైము పెట్టండి. అబ్బాయికి రాత్రి మీటింగులుంటే ఆ వేళని తప్పించండి. బ్యాకప్ వేగానికి గరిష్ఠ పరిమితి పెట్టే ఆప్షన్ కూడా చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది.

ముహూర్తాల రోజులు మాత్రం వేరు. పెళ్ళి షూటింగు చేసి వచ్చిన రాత్రి కంప్యూటర్లో 80 జీబీ పడిందంటే ఈ వేగానికి దాదాపు నాలుగు గంటలు. అందుకని మీకు ఒక ఖర్చు మాత్రం మనస్ఫూర్తిగా చెబుతాను: కింది యూనిట్‌కీ హాల్లో మెయిన్ యూనిట్‌కీ మధ్య ఒకే ఒక్క క్యాట్ 6 రకం లాన్ తీగ లాగించండి. టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు ఖాళీగా ఉంటే దాంట్లోంచి వెళుతుంది, లేకపోతే బయటి గోడ మీదుగా. బయటైతే ఎండకి తట్టుకునే అవుట్‌డోర్ రకం అడగండి, మామూలుది రెండు మూడు వేసవులకే బీటలు వారుతుంది. వంద మీటర్ల దాకా లాన్ తీగ పనిచేస్తుంది, మీకు పదిహేనో ఇరవయ్యో మీటర్లు సరిపోతుంది. యూనిట్లు తీగ తగలగానే గాలిని వదిలేసి తీగలోనే మాట్లాడుకుంటాయి, యాప్‌లో ఈథర్‌నెట్ అని చూపిస్తుంది. కింది బ్యాకప్ మొత్తం గాలిలోంచి తప్పుకుంటుంది కాబట్టి అబ్బాయి మీటింగులకీ అడ్డం తొలగిపోతుంది.

తీగ వేసే కుర్రాడి పక్కన నిలబడి ఒక్క సంగతి చూడండి. లాన్ తీగలో ఎనిమిది సన్న తీగలుంటాయి. తొందరలో నాలుగే కనెక్టర్‌లో పెట్టి నొక్కేసేవాళ్ళున్నారు. నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ వేగం 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. కనెక్టర్ పారదర్శకంగా ఉంటుంది, నారింజ, పచ్చ, నీలం, గోధుమ జంటలు నాలుగూ చివరి దాకా వెళ్ళాయో లేదో కంటితోనే లెక్కపెట్టొచ్చు. తర్వాత కొత్త తీగ చివర ఒక ల్యాప్‌టాప్ తగిలించి, విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ కింద లింక్ స్పీడ్ చూడండి. 1000 అని ఉండాలి. 100 అని ఉంటే అతను ఇంకా వాకిట్లో ఉండగానే మళ్ళీ నొక్కించండి.

ఇంకా కరెంటు సంగతి ఉంది. మన ఇళ్ళలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ ఇస్తారు, ప్లగ్ పాయింట్లు చాలావాటికి ఉండదు. మీ మూడు యూనిట్లలో ఏదైనా అలాంటి ప్లగ్‌లో ఉందేమో చూడండి. కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, హాల్లో యూనిట్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది, మధ్యలో ఒక్క యూనిట్ ఆరిపోతుంది, బ్యాకప్ తెగుతుంది. ఆగిన రోజుల్లో సరిగ్గా ఆ వేళకి కరెంటు పోయిందేమో గుర్తు చేసుకోండి. యూనిట్లకి ఇప్పుడు చిన్న 12 వోల్టుల రూటర్ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. ముందు యూనిట్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంప్స్‌లో చూసుకుని కొనండి. నాస్‌కి మాత్రం విడిగా ఒక మంచి యూపీఎస్ పెట్టండి. ఇన్వర్టర్ మారే ఆ రెప్పపాటుకే అది రీస్టార్ట్ అయ్యే అవకాశముంది. రాస్తున్న మధ్యలో కరెంటు తెగితే డిస్కులో ఫైళ్ళ పట్టికే చెడిపోవచ్చు. ఇన్వర్టర్‌కి వెనకాల యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అది కూడా ఆ వైపుకే ఉంచండి.

మీ కోడలి ల్యాప్‌టాప్‌కి నాస్ కనబడకపోవడానికి నాకు మూడు కారణాలు తోస్తున్నాయి. నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెకి కూడా సొంత వైఫై ఉంటుంది. ఆ పాత పేరుతోనే ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ కలిసి ఉండొచ్చు. అప్పుడు అది వేరే నెట్‌వర్క్, మెష్‌లో ఉన్న నాస్ దానికి కనబడదు. విండోస్‌లో వైఫై పేరు మీద నొక్కి ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 అడ్రస్ చూడండి. కింది కంప్యూటర్లో 192.168.68 తో, ఆ ల్యాప్‌టాప్‌లో 192.168.1 తో మొదలైతే విషయం అదే. ఆ పెట్టె వైఫైని ఆపేయడమో, మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా ఆ పెట్టె నెట్‌వర్క్‌నే పంచే పద్ధతిలోకి) మార్చడమో చేస్తే అందరూ ఒకే గూటికి చేరతారు. రెండోది, గెస్ట్ నెట్‌వర్క్‌లో (చుట్టాల కోసం వేరుగా పెట్టే వైఫైలో) ఉన్నా కనబడదు, అది కావాలని అలా చేసిందే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ ల్యాప్‌టాప్ కంపెనీదైతే, వీపీఎన్ (ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌కి కలిపే దారి) వేయగానే ఇంట్లోని మిగతా పరికరాలతో సంబంధం తెంచేసేలా చాలా కంపెనీలు పెడతాయి. అలాంటప్పుడు దారి వెతక్కండి. కంపెనీ ఫైళ్ళు మీ ఇంటి నాస్‌లో ఉండటం ఆ అమ్మాయి ఉద్యోగానికే ఇబ్బంది తెస్తుంది. సొంత ల్యాప్‌టాప్, ఫోన్ ఫొటోలు ఉంటే వాటికి బ్యాకప్ పెట్టండి, కంపెనీ సొత్తు కంపెనీ చూసుకుంటుంది.

ఇప్పుడు కింది కంప్యూటర్లో ఏం దాస్తున్నారన్నది. డీటీపీ చేసేవాళ్ళు చాలామంది పనంతా డీ డ్రైవ్‌లో పెట్టి, సీ పోయినా డీ ఉంటుందిలే అని నిశ్చింతగా ఉంటారు. విండోస్ పాడై మళ్ళీ వేయించుకున్నప్పుడు ఆ మాట నిజమే. కానీ సీ, డీ, ఈ మూడూ చాలా కంప్యూటర్లలో ఒకే డిస్కుకి గీసిన గీతలు. డిస్కు పోతే మూడూ ఒకేసారి పోతాయి. పైగా విండోస్‌లో ఉండే ఫైల్ హిస్టరీ తనంతట తాను డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లే తీసుకుంటుంది, డీ డ్రైవ్ పనిని మీరు ప్రత్యేకంగా కలపాలి. మీలాంటి పనికి నేనైతే మొత్తం కంప్యూటర్‌ని బ్యాకప్ తీసేది వాడమంటాను. వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ ఆ పని చేస్తుంది. మొదటిసారి అంతా తీసుకుని, తర్వాత మారిన ముక్కలే పంపుతుంది. నాస్ కంపెనీవాళ్ళే ఇచ్చే సాఫ్ట్‌వేర్ మీ మోడల్‌కి ఉంటే అదీ మంచిదే. సింక్ అనే మాట కనబడితే మాత్రం ఆగి చదవండి. సింక్ రెండు చోట్లా ఒకేలా ఉంచుతుంది. ఇక్కడ పొరపాటున ఫోల్డరు డిలీట్ అయితే అక్కడా డిలీట్ చేస్తుంది. మీకు కావాల్సింది పోయిన వారం ఎలా ఉందో ఆ రూపం కూడా దాచి ఉంచేది.

నాస్‌లో రెండు డిస్కులున్నాయి కదా, రెండు కాపీలున్నట్టే అనుకోకండి. రెండూ ఒకేసారి రాసుకునేలా పెట్టి ఉంటే, ఒక డిస్కు చెడిపోయినా పని ఆగదు, దాని ఉపయోగం అంతవరకే. తప్పు చేసి చెరిపేస్తే రెండిట్లోనూ చెరిగిపోతుంది. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకోవడానికి విండోస్ వాడే దారిలో ఉన్న లోపం పట్టుకునే అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దూకింది. ఇలాంటి వైరస్ కింది కంప్యూటర్లోకి వస్తే, అది చేరగలిగిన ప్రతి ఫోల్డరుకీ తాళం వేస్తుంది, బ్యాకప్ ఫోల్డరుతో సహా. అందుకని నాస్‌లో బ్యాకప్ కోసం వేరే యూజర్ పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే ఇవ్వండి. రోజూ ఫైళ్ళు తెరిచే డ్రైవ్‌లా దాన్ని కంప్యూటర్లో తగిలించి ఉంచొద్దు. నాస్‌లో స్నాప్‌షాట్ సౌకర్యం (ఫైళ్ళు ఒక వేళకి ఎలా ఉన్నాయో ఆ రూపాన్ని దాచి ఉంచేది) ఉంటే అదీ ఆన్ చేయండి.

ఆ పైన, ఏ తీగకీ తగలకుండా ఉండే మూడో కాపీ ఒకటి కావాలి. రెండు టీబీల ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు చాలు. నెలకోసారి నాస్‌కి తగిలించి కాపీ చేసి, ఊడదీసి, వేరే ఇంట్లో పెట్టండి. మీకు కూతురుంటే వాళ్ళింట్లో, లేదా మీ తమ్ముడిగారింట్లో, పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ చేసి. ఇంట్లో బీరువాలో ఉంటే చాలదా అంటారేమో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కింది అంతస్తులో కంప్యూటరు ఎంత తడిసిందో బీరువా అడుగు అర కూడా అంతే తడిసింది. మీవారి పని కింది అంతస్తులోనే కాబట్టి ఈ మాట మీకు ఇంకా గట్టిగా చెబుతున్నాను.

ఇదంతా అయ్యాక ఒక సాయంత్రం మీవారూ మీరూ కూర్చుని, రెండు నెలల కిందటి పెళ్ళి ఫోల్డరు ఒకటి నాస్ నుంచి వెనక్కి తెచ్చుకుని, ఫొటోలు ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. పచ్చ టిక్కు పడిందని సంతృప్తి పడకండి. డీటీపీ ఫైళ్ళకి ఇంకో పరీక్ష ఉంది. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్ళు 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేసినవైతే, వాటిని కింది కంప్యూటర్లో కాకుండా ఇంకో ల్యాప్‌టాప్‌లో తెరవండి. అక్కడ ఆ ఫాంట్లు లేకపోతే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. ఫైలు భద్రంగానే ఉంది, చదవడానికి లేదు. కాబట్టి ఫాంట్ల ఫోల్డరూ, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ ఫైళ్ళూ, లైసెన్సు వివరాలూ అన్నీ బ్యాకప్‌లో చేర్చాలి. ఎవరిదైనా పుస్తకమో శుభలేఖో పూర్తయిన ప్రతిసారీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఒకటి పక్కన పెట్టమనండి. బ్యాకప్ పాస్‌వర్డ్‌ని ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో ఉంచండి. అది అబ్బాయి ఒక్కడికే తెలిసి ఉండటం మంచిది కాదు.

మీ మామగారి సీడీల సంగతి చివర్లో అడిగారు గానీ, నన్నడిగితే ఈ వారం మొదట అదే చేయండి. మెష్, తీగలు పది రోజులు ఆగినా నష్టం లేదు. ఇంట్లో రాసిన సీడీలో బొమ్మ నిలిచేది ఒక రంగు పొర మీద, వేడికీ తేమకీ ఏళ్ళు గడిచేకొద్దీ అది మాసిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే లేదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి. సీడీని అంచులు పట్టుకుని, మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. వీడియో సీడీ అయితే లోపల ఎంపెగ్ ఏవీ (MPEGAV) అనే ఫోల్డరులో పేరు చివర .DAT అని ఉన్న ఫైళ్ళుంటాయి, డీవీడీ అయితే వీడియో టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డరు ఉంటుంది. ఆ ఫోల్డరుని మొత్తంగా కాపీ చేయండి. మధ్యలో ఆగిపోతే ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి, ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం చాలాసార్లు చూశాను. పెద్దాయన మాట వినబడిందో లేదో చివరి దాకా చూసి, అప్పుడు ఆ ఫోల్డరుకి ఆయన పేరు, సంవత్సరం పెట్టండి. కాపీ అయ్యాక కూడా ఆ సీడీల్ని పారేయకండి.